పైపు చుట్టు ఎందుకు తిరిగిందో ఎక్కడ రాసుకోవాలి?

మా సంస్థ ఆఫీసు పర్లాకిమిడిలో. పని మాత్రం ఒడిశాలోని గజపతి జిల్లా కొండల మీద, ఎక్కువగా గుమ్మ, సెరంగో వైపు సవర గూడేల్లో. కొండ ఊట దగ్గర చిన్న తొట్టి కట్టి, మోటారూ కరెంటూ లేకుండా పల్లానికి పైపు వేసి ఊళ్లోకి నీళ్లు దించుతాం.

ఆఫీసులో ఫైళ్లకు కొదవ లేదు. ఎస్టిమేట్లు, కొలతల పుస్తకాలు, బిల్లులు, ఫొటోలు అన్నీ ఉంటాయి. ఎన్ని మీటర్ల పైపు వేశామో వాటిలో దొరుకుతుంది. అటు నుంచే ఎందుకు వేశామో దొరకదు. దాని కోసమే నేను పని గురించి బ్లాగు రాయడం మొదలుపెట్టాను. తర్వాత పట్టుబట్టి సంస్థకూ ఒకటి పెట్టించాను.

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. గజపతిలో కొండచరియలు విరిగిపడి మనుషులు పోయారు. మా లైన్లు కూడా చాలాచోట్ల కొట్టుకుపోయాయి. ఒక గూడెంలో లైను మళ్లీ వేయబోతే ఊరి పెద్దలు పాత దారి వద్దన్నారు. గెడ్డ (వాగు) పక్కన మట్టి వదులైపోయింది, పెద్ద వాన పడితే మళ్లీ జారుతుంది, రాతి మీదుగా తిప్పండి అన్నారు. పైపు ఎక్కువ పట్టినా అలాగే తిప్పాం. ఆ రాత్రే వాళ్లు చెప్పినదంతా రాసి, మట్టి జారిన చోటు ఫొటో పెట్టాను. కొన్నాళ్లకు కొత్తగా వచ్చిన ఇంజినీరు మ్యాపు చూసి, "ఇంత చుట్టు దేనికండీ, తిన్నగా లాగితే బోలెడు పైపు కలిసొస్తుంది కదా" అన్నాడు. అడగాల్సిన ప్రశ్నే. ఆ పోస్టు చూపించాను. చదివి, కొండెక్కి చూసొచ్చి, తన ప్రతిపాదన తనే పక్కన పెట్టాడు. ఆ పెద్దల్లో ఇద్దరు అప్పటికే లేరు.

మా మేస్త్రి గారి సంగతి ఇంకోటి. లైను ఆగి మళ్లీ వదిలినప్పుడు, పైపు మెరకెక్కి దిగే చోట గాలి చేరి కూర్చుంటుంది. పైన తొట్టి నిండా నీళ్లున్నా కింద కుళాయిలో చుక్క రాదు. ఎయిర్ వాల్వు ఉన్నచోట ఇబ్బంది లేదు. పాత లైన్లలో అన్నిచోట్లా ఉండవు. మేస్త్రి గారు లైను వెంట నడుస్తూ అక్కడక్కడా పైపు మీద వేలి ముడితో కొట్టి, వంగి చెవి ఆనించేవారు. ఒకచోట ఆగి, "ఇక్కడ పట్టేసింది బాబూ, సప్పుడు బోలుగా ఉంది" అని పానాతో జాయింటు కొద్దిగా వదులు చేసేవారు. ముందు బుస్సుమని గాలి, తర్వాత తుంపర్లు, ఆ తర్వాత ఎర్రటి బురద నీళ్లు. తేటగా వచ్చేదాకా ఆగి అప్పుడు బిగించేవారు. ఎలా తెలిసిందని అడిగితే, "సెప్తే రాదు బాబూ, ఇనాల" అనేవారు.

మనం చెప్పగలిగిన దానికంటే మనకు తెలిసింది ఎక్కువ అని మైకేల్ పొలాని అనే తత్వవేత్త 1966లో రాశాడు. అది చదివినప్పుడు నాకు మేస్త్రి గారే కళ్ల ముందు మెదిలారు. ఆయన చెవిని బ్లాగులో పెట్టలేం. కానీ ఏ గూడెం లైనులో, ఏ రాయి దాటాక గాలి పడుతుందో, ఎంతసేపు వదలాలో రాయొచ్చు, జాయింటు దగ్గర చప్పుడు ఫోనులో రికార్డు చేసి జత చేయొచ్చు. అలా కొన్ని పెట్టాను. ఆయన కొడుకు దగ్గరికి విశాఖ వెళ్లిపోయాక, కొత్త కుర్రాడు "గాలి" అని వెతికి ఆ పోస్టు పట్టుకుని పని కానిచ్చాడు. నేను గుర్తుగా రాసిన చింతచెట్టు ఇప్పుడు లేదని, అక్కడ రాయి పాతానని కిందే చేర్చాడు కూడా. ఆ చేర్పు నాకు నా పోస్టుకన్నా విలువైనది.

ఇదంతా వాట్సాప్ గ్రూపులో ఉంది కదా అంటారు. ఉంటుంది, గుడ్ మార్నింగ్ బొమ్మల కింద. ఫోను మారితే అదీ పోతుంది. బ్లాగులో తేదీ ఉంటుంది, లేబుల్ ఉంటుంది, పాతదానికి లింకు ఇవ్వొచ్చు. బ్లాగర్ 1999లో, వర్డ్‌ప్రెస్ 2003లో వచ్చాయి. రెండిట్లోనూ రాసిందంతా దించి దాచుకోవచ్చు, బయటివాళ్లకు కనపడకుండా పెట్టుకోవచ్చు. మా దగ్గర తెలుగులో రాసేవాళ్లూ ఒడియాలో రాసేవాళ్లూ ఉన్నారు కాబట్టి ఊరి పేరు మాత్రం రెండు లిపుల్లోనూ వేస్తాం. లేకపోతే వెతికినా దొరకదు.

పాత పోస్టును దిద్దకూడదని నా పట్టుదల. కొత్తది రాసి పాతదానికి ముడిపెట్టాలి. ఊట కొలతే తీసుకోండి. మే నెలలో 20 లీటర్ల బకెట్ 40 సెకన్లలో నిండితే సెకనుకు అర లీటరు, అంటే రోజుకు 43,200 లీటర్లు. ఇంటింటికీ కుళాయి నీళ్లిచ్చే కేంద్ర పథకం జల్ జీవన్ మిషన్ లెక్కలో మనిషికి రోజుకు 55 లీటర్ల చొప్పున సుమారు 785 మందికి సరిపోతాయి, రాత్రి నీళ్లు ట్యాంకులో నిలవ చేసుకోగలిగితే. వచ్చే మేలో అదే బకెట్ 50 సెకన్లు తీసుకుంటే పాత అంకె చెరిపి కొత్తది వేయడం కాదు కావలసింది. రెండూ పక్కపక్కన ఉంటేనే ఊట తగ్గుతోందని తెలుస్తుంది, పైన చెట్లు కొట్టారా అని అడగాలనిపిస్తుంది.

నా సొంత బ్లాగులో అనుమానాలు, సగం ఆలోచనలు అన్నీ ఉంటాయి. వాటిలో నలుగురితో మాట్లాడి తేలినవి సంస్థ బ్లాగుకు వెళ్తాయి. కుళాయి ఎవరి వాకిట్లో పెట్టాలని ఊళ్లో వచ్చిన తగాదాలు, మనుషుల పేర్లు ఎక్కడా రాయను. మనల్ని నమ్మి చెప్పిన మాటలవి.

ఇప్పుడు ఆఫీసులో అన్నిటికీ కలిపి ఒక సాఫ్ట్‌వేర్ తెస్తామంటున్నారు. పొడవు, వ్యాసం, ఖర్చు, అన్నిటికీ గడులున్నాయి. తేవద్దని నేననను, లెక్కలకు అది కావాలి. ప్రతి లైనుకూ దాని పోస్టు లింకు పెట్టేందుకు ఒక గడి ఇవ్వమని అడిగాను. ముందు గుమ్మ వైపు లైన్లకు ఇచ్చి చూద్దామన్నారు. లింకు పెట్టాలంటే పోస్టు ఉండాలి కదా, రాయనివి ఇంకా చాలా ఉన్నాయి. అందుకే ఆదివారాలు మేస్త్రి గారికి ఫోన్ చేసి ఒక్కో లైను గురించి అడిగి రాసుకుంటున్నాను.