పోనీలే, డబ్బులొస్తాయిగా!

కోదాడ దగ్గర హైవే పక్కన ఆటో కోసం నిలబడి ఉంటే కారు గుద్దింది. కుడి తొడ ఎముక విరిగింది. 108 వచ్చింది, ఆసుపత్రిలో చేర్చారు, తర్వాత రాడ్ వేశారు. అదంతా ఎవరికైనా ఒకటే. ఆపరేషన్‌కు ముందు రాత్రి మాత్రం మర్చిపోలేను.

అర్ధరాత్రి దాటాక ఊపిరి అందలేదు. మా ఆయన్నే గుర్తుపట్టలేదట. నైట్ డ్యూటీ నర్సమ్మ వేలికి క్లిప్ పెట్టి చూసి, వెంటనే ఆక్సిజన్ తగిలించి, డాక్టరుగారిని నిద్ర లేపింది. పెద్ద ఎముక విరిగితే మూలుగలోని కొవ్వు రక్తంలో కలిసి ఊపిరితిత్తులకు చేరొచ్చట, మొదటి రెండు మూడు రోజులే గండమట. పొద్దున చూద్దాంలే అని ఆమె ఊరుకుని ఉంటే నేను లేను. మా ఆయన మట్టపల్లి నరసింహస్వామికి మొక్కుకున్నారు. నేను ఇద్దరికీ దణ్ణం పెడతాను, ముందు నర్సమ్మకు.

అదే రాత్రి వార్డు బయట బేరం నడిచింది. కారు వాళ్ల మనిషి కాగితం తెచ్చాడు: ఆసుపత్రి ఖర్చు ఇస్తాం, కేసు వద్దు. బావగారు "పెట్టేయరా సంతకం, కోర్టుల చుట్టూ ఎవడు తిరుగుతాడు" అన్నారు. "ముందు దాన్ని బతకనీ అన్నయ్యా" అని మా ఆయన లోపలికి వచ్చేశారు.

ఇంటికొచ్చాక పలకరించడానికి వచ్చినవాళ్లూ అదే ధోరణి. "పోనీలే, డబ్బులొస్తాయిగా!" కాలు కింద పెట్టలేక నేను ఏడుస్తుంటే ఈ మాట. డబ్బు కట్టాల్సిన కారు ఇన్సూరెన్స్ కంపెనీ మీద కూడా నాకు అంత కోపం రాలేదు.

డబ్బులు వాటంతటవి రావు. 2022 ఏప్రిల్ నుంచి ప్రమాదం జరిగిన ఆరు నెలల్లోపు నష్టపరిహారం పిటిషన్ వేయాలని చట్టం మారింది. ఎఫ్‌ఐఆర్, గాయాల సర్టిఫికెట్, ఒరిజినల్ బిల్లులు, మందుల చీటీలు, ఏదీ పారేయకండి. పిటిషన్ మనం ఉండే చోటి ట్రిబ్యునల్‌లోనే, అంటే ప్రమాద పరిహారం కేసులు చూసే కోర్టులోనే, వేసుకోవచ్చు, ప్రమాదం జరిగిన ఊరికే పోనక్కర్లేదు.

మెడికల్ బోర్డు నాకు 30 శాతం వైకల్యం రాసింది. నేను దర్జీ పని చేస్తాను. జీతం చీటీ ఎక్కడిది? కొలతల పుస్తకాలే పట్టుకెళ్లాను: ఎవరి జాకెట్టు, ఎంత తీసుకున్నాను, అన్నీ అందులోనే. అవతలి లాయరు "మిషన్‌కు మోటారు పెట్టించుకోవచ్చు కదమ్మా" అన్నాడు. "పెట్టించాను సార్. మోటారు తిరగాలన్నా పెడల్ కాలితోనే నొక్కాలి. ఆ అలవాటంతా కుడి కాలిదే" అన్నాను. జడ్జిగారు రాసుకున్నారు.

శరీరానికి ఎంత నష్టమో, సంపాదనకూ అంతే నష్టమని అనుకోకూడదని సుప్రీంకోర్టు 2010లోనే రాజ్‌కుమార్ కేసులో చెప్పింది. చెయ్యి పోతే గుమస్తాకు ఉద్యోగం మిగలొచ్చు, వడ్రంగికి బతుకే పోతుంది. మా లాయరుగారు దాన్నే పట్టుకుని వాదించారు. నా సంపాదన నష్టాన్ని 45 శాతంగా కట్టారు. ఏడాది సంపాదనలో ఆ వంతు తీసి, 36 నుంచి 40 ఏళ్ల వయసు వాళ్లకు 15తో గుణిస్తారు. పిటిషన్ వేసిన రోజు నుంచి వడ్డీ కూడా ఇచ్చారు.

కొంత సొమ్ము కోర్టే ఫిక్స్‌డ్ డిపాజిట్ వేయించింది, మిగతాది అప్పులకు పోయింది. మొన్న పండక్కి బావగారు "మొత్తానికి ఎంత ముట్టిందిరా" అని అడిగారు. మా ఆయన చెప్పబోయారు. నేనే వద్దన్నాను.