మొదటి పీక్ చూసి జెల్ నిర్మాణం తేల్చకండి

ప్లూరానిక్ ఎఫ్127 పాలిమర్‌ను 20 శాతం బరువు లెక్కన నీళ్లలో కరిగించి ఫ్రిజ్‌లో పెడితే నీళ్లలాగే పారుతుంది. గది వేడికి తెస్తే గట్టిపడుతుంది, సీసా తలకిందులు చేసినా జారదు. కంట్లో వేసే మందుల్లోనూ, పుండ్ల మీద పూసే జెల్‌లలోనూ దీన్ని వాడాలని చూసేది ఈ గుణం కోసమే. గట్టిపడ్డప్పుడు లోపల ఏం జరిగిందో చూడ్డానికి మంచి సాధనం చిన్న కోణాల్లో చెదిరే ఎక్స్‌రేలను కొలిచే పద్ధతి. ల్యాబుల్లో అందరూ శాక్స్ అంటారు. ఏ కోణంలో ఎన్ని ఎక్స్‌రేలు చెదిరాయో గ్రాఫ్ గీస్తే అందులో లేచే శిఖరాలే పీక్‌లు. కొలవడం తేలికే. కొలిచినదాన్ని తప్పుగా చదవడం ఇంకా తేలిక.

ఈ పాలిమర్ గొలుసు మధ్యలో సుమారు 65 ప్రొపిలీన్ ఆక్సైడ్ యూనిట్లు ఉంటాయి, రెండు కొసలా వందేసి ఇథిలీన్ ఆక్సైడ్ యూనిట్లు. వేడెక్కేకొద్దీ మధ్య భాగానికి నీళ్లంటే పడదు. అవన్నీ ఒకచోట చేరి గింజ అవుతాయి, కొసలు చుట్టూ నీళ్లు పట్టుకున్న పొరలా నిలుస్తాయి. అదే మిసెల్. మిసెల్‌లు కిక్కిరిసి వరుసగా సర్దుకున్నప్పుడు జెల్ ఏర్పడుతుంది.

ముందుగా తెలియాల్సింది ఒకటుంది. ఎక్స్‌రేలకు కనిపించేది ఎలక్ట్రాన్ సాంద్రతలో తేడా మాత్రమే. నీళ్లకది ఘన నానోమీటరుకు 334 ఎలక్ట్రాన్లు. గింజలోని పాలీప్రొపిలీన్ ఆక్సైడ్‌కు లెక్క కట్టినా దాదాపు అంతే వస్తుంది. అంటే గింజ ఎక్స్‌రేలకు ఇంచుమించు కనిపించదు, సిగ్నల్‌లో ఎక్కువ భాగం పై పొరదే. ఆ పొర కూడా నీళ్లతో నిండి ఉంటుంది కాబట్టి తేడా స్వల్పమే. పీక్‌ల మధ్య నుంచి మిసెల్ ఆకారాన్ని రాబట్టాలంటే బ్యాక్‌గ్రౌండ్ (గాజు, నీళ్ల నుంచి వచ్చే సిగ్నల్) తీసివేత శ్రద్ధగా చేయాల్సింది ఇందుకే.

శాంపిల్ తయారీకి 8 గ్రాముల చల్లటి నీళ్లలో 2 గ్రాముల పొడిని కొద్దికొద్దిగా చల్లి, రాత్రంతా 4–5 డిగ్రీల దగ్గర వదిలేయండి. జోరుగా కలిపితే నురగ పడుతుంది, ఆ బుడగలు జెల్‌లో చిక్కుకుంటే మళ్లీ బయటికి రావు. చల్లగా, పల్చగా ఉన్నప్పుడే క్యాపిలరీలో, అంటే సన్నటి గాజు గొట్టంలో, నింపి, చల్లటి సెంట్రిఫ్యూజ్‌లో కాసేపు తిప్పాలి. గట్టిపడ్డాక సిరంజితో తోస్తే మిసెల్ వరుసలు ఒక దిక్కుకు ఒరుగుతాయి. అప్పుడు డిటెక్టర్ మీద నిండు వలయాలకు బదులు చుక్కలు పడతాయి. వాటిని చుట్టూ సగటు తీసి గ్రాఫ్ గీస్తే కొన్ని పీక్‌లు ఉబ్బుతాయి, కొన్ని మాయమవుతాయి. అందుకే గ్రాఫ్ కంటే ముందు డిటెక్టర్ బొమ్మను చూడాలి.

ల్యాబ్ యంత్రాల్లో రాగి నుంచి పుట్టించే ఎక్స్‌రేల తరంగదైర్ఘ్యం 0.154 నానోమీటర్లు. ఆ శక్తి దగ్గర నీళ్ల శాంపిల్ మందం ఒక మిల్లీమీటరు ఉంటే మేలు, 1.5 వరకూ ఫర్వాలేదు. ఇంకా మందమైతే సిగ్నల్‌ను నీళ్లే మింగేస్తాయి. గాజు గోడ మందం ఒక్కో క్యాపిలరీకి ఒక్కోలా ఉంటుంది. కాబట్టి ముందు ఖాళీగా, తర్వాత నీళ్లతో, చివరికి శాంపిల్‌తో అదే క్యాపిలరీని, అదే చోట కొలవండి. ప్రతిదాన్నీ దాని ట్రాన్స్‌మిషన్‌తో, అంటే దాన్ని దాటి వచ్చిన ఎక్స్‌రేల వంతుతో, భాగించాకే తీసివేత. శాంపిల్‌లో నీళ్లు పూర్తిగా లేవు కాబట్టి నీళ్ల వంతును కూడా ఆ మేరకు, అంటే 0.8 దగ్గరికి, తగ్గించాలి. మామూలుగా మరిచిపోయేది దీన్నే.

డిటెక్టర్ దూరం సరిచూడ్డానికి సిల్వర్ బెహనేట్ పొడి వాడతారు. దాని పొరల దూరం 5.838 నానోమీటర్లు, మీటరు దూరంలో మొదటి వలయం 26.4 మిల్లీమీటర్ల వ్యాసార్ధంతో పడుతుంది.

ఇక చదవడం. ఉదాహరణకు జెల్ మొదటి పీక్ 15.7 నానోమీటర్ల తలాల దూరం (మిసెల్ వరుసల తలాల మధ్య ఎడం) దగ్గర వచ్చిందనుకుందాం. మిసెల్‌లు బండి మీద బత్తాయిలు పేర్చినట్టు ఎఫ్‌సీసీ అమరికలో (ఘనం మూలల్లోనూ, ముఖాల మధ్యలోనూ) ఉన్నా, కాస్త వదులైన బీసీసీలో (మూలల్లోనూ, ఘనం నడిమధ్యలోనూ) ఉన్నా, పక్కపక్క మిసెల్‌ల దూరం ఆ సంఖ్యకు 1.225 రెట్లే, అంటే 19.2 నానోమీటర్లే. రెండింటికీ ఒకటే జవాబు! కాబట్టి మొదటి పీక్ ఒక్కటే పట్టుకుని ‘మా జెల్ ఎఫ్‌సీసీ’ అని రాయడం ఊహే. తేల్చేవి తర్వాతి పీక్‌లు. ఎఫ్‌సీసీలో వాటి స్థానాలు మొదటిదానికి 1.155, 1.633, 1.915 రెట్లు. బీసీసీలో 1.414, 1.732, 2 రెట్లు. మీటరు దూరంలో మొదటి వలయం 9.8 మిల్లీమీటర్ల దగ్గరుంటే ఎఫ్‌సీసీ రెండోది 11.3 దగ్గర, బీసీసీ రెండోది 13.9 దగ్గర పడతాయి. ఎఫ్‌సీసీలో మొదటి రెండు వలయాలకూ ఎడం ఒకటిన్నర మిల్లీమీటర్లే. బీమ్ మచ్చ మిల్లీమీటరుకు మించితే రెండూ కలిసిపోయి ఒక బుజంలా కనిపిస్తాయి. గీత ఆకారపు బీమ్ ఉన్న పాత యంత్రాలతో ఈ పని పెట్టుకోకపోవడమే నయం.

అమరిక పేరు తేలితే మరో లెక్క తెగుతుంది. ఎఫ్‌సీసీ అయితే ఒక్కో మిసెల్‌కు సుమారు 5,030 ఘన నానోమీటర్ల చోటు, బీసీసీ అయితే 5,470. మిల్లీలీటరుకు 0.2 గ్రాముల పాలిమర్, అణుభారం 12,600 అనుకుంటే మిసెల్‌కు వరుసగా 48, 52 గొలుసులు వస్తాయి.

ఎలక్ట్రాన్లను వలయంలో తిప్పి తీవ్రమైన ఎక్స్‌రేలు పుట్టించే సింక్రోట్రాన్‌లో, ఉదాహరణకు ఇండోర్‌లోని ఇండస్-2లో, ల్యాబ్ యంత్రం కంటే చాలా త్వరగా డేటా వస్తుంది. తీవ్రమైన బీమ్‌తో చిక్కేమిటంటే, నీళ్లలో పుట్టే రాడికల్స్ (చాలా చురుకైన అణు శకలాలు) పాలిమర్ గొలుసులను తెంపుతాయి, అతుకుతాయి. ఒకే దీర్ఘ ఎక్స్‌పోజర్ బదులు పొట్టి ఫ్రేములు పది తీసి, మొదటిదీ చివరిదీ ఒకదానిపై ఒకటి వేసి చూడండి. తేడా ఉంటే శాంపిల్‌ను పక్కకు జరపాలి.

గట్టిపడే ఉష్ణోగ్రతను మార్చడానికి చేతిలో ఉన్నవి రెండు మీటలు: ఇదే జాతి పాలిమర్ ఎఫ్68 కలిపితే పైకి పోతుంది, ఉప్పు కలిపితే కిందికి దిగుతుంది. మందు కలిపినప్పుడు మాత్రం జాగ్రత్త. నీళ్లకు పడని మందు గింజలోకి దూరి మిసెల్‌ను ఉబ్బిస్తే మొదటి పీక్ కాస్త జరుగుతుంది. గాఢత మారినా జరుగుతుంది. మిసెల్‌కు గొలుసుల సంఖ్య మారదనుకుంటే, 20 శాతం నుంచి 18కి పడితే దూరం 3.6 శాతం పెరుగుతుంది. క్యాపిలరీ మూత సరిగా అతకక నీళ్లు ఆవిరై గాఢత 22కి చేరితే 3 శాతం తగ్గుతుంది. ఆమాత్రం జరుగుడును చూసి మందు ఎక్కడ కూర్చుందో చెప్పలేం. మైనం వేడికి మెత్తబడుతుంది కాబట్టి ఎపాక్సీతో మూసి, క్యాపిలరీని కొలతకు ముందూ తర్వాతా తూచండి. 35 మిల్లీగ్రాముల శాంపిల్‌లో గాఢత 20 నుంచి 22కి చేరడమంటే 3 మిల్లీగ్రాముల నీళ్లు పోవడం. గ్రాముల్లో నాలుగు దశాంశాలు చూపే త్రాసుకు అది తేలిగ్గా దొరుకుతుంది.