పన్నెండు వరసలు, వరసకి పద్నాలుగు గళ్ళు

అక్టోబరులో పట్టిన దగ్గు దీపావళి దాటినా తగ్గలేదు. మాది పాలకొల్లు దగ్గర ఊరు, చుట్టూ కొబ్బరి తోటలు, చేపల చెరువులు, ఇంటి ముందు కాలువ, ఆ తేమకి వానల చివర్లో దగ్గని ఇల్లుండదు కాబట్టి నేనూ పట్టించుకోలేదు. ఊళ్ళో ఆర్‌ఎంపీ ఇచ్చిన సిరప్ మూడు సీసాలు తాగాను. సాయంత్రమయ్యేసరికి ఒళ్ళు వెచ్చబడేది, తెల్లవారుజామున లేస్తే వీపంతా చెమటతో తడిసి ఉండేది. జాకెట్లు వదులైపోతుంటే కుట్లేసుకుని తొడుక్కున్నాను గానీ ఎందుకు వదులవుతున్నాయో ఆలోచించలేదు.

మా ఇంట్లో చదువు నా గొంతు మీదే నడుస్తుంది. 2020లో స్కూళ్ళు మూసేసినప్పుడు ఇంట్లో మొదలుపెట్టాం, తెరిచాక కూడా పంపలేదు. బాబుకి పన్నెండేళ్ళు, పాపకి తొమ్మిది. ఆరింటికి కుటుంబ ప్రార్థన, బైబిల్లో ఒక అధ్యాయం, టిఫిన్ అయ్యాక లెక్కలు, తెలుగు, మధ్యాహ్నం సైన్సు. పదో తరగతి ఓపెన్ స్కూల్లో కట్టించాలని అనుకున్నాం. నవంబరు చివర్లో ఒకరోజు అధ్యాయం మధ్యలో దగ్గొచ్చి ఆగలేదు, నోటికి అడ్డం పెట్టుకున్న కొంగు తీసి చూస్తే ఎర్రటి చార. పిల్లలు చూడకుండా మడిచేశాను, మా ఆయన చూశారు. ఆ పూటే బండెక్కించి పీహెచ్‌సీకి తీసుకెళ్ళారు. కళ్లె అప్పటికప్పుడు ఒకసారి, మర్నాడు లేవగానే ఇంకోసారి ఇమ్మన్నారు. టీబీ అని తేలింది. నా బరువు 41 కిలోలు.

ఆయనకీ పిల్లలకీ ఎక్స్‌రేలు తీశారు. దేవుని దయవల్ల ఎవరికీ ఏమీ లేదు, రాకుండా ఉండటానికి వాళ్ళకీ మాత్రలిచ్చారు. నాకు రోజుకి మూడు మాత్రలు, పరగడుపున, 168 రోజులు. మందులకి డబ్బు తీసుకోలేదు, పైగా నిక్షయ్ పోషణ్ అనే ప్రభుత్వ పథకం కింద తిండికని నెలకి 1000 రూపాయలు బ్యాంకులో పడేవి. మొదటిరోజు మూత్రం నారింజ రంగులో వచ్చేసరికి భయపడి ఏడ్చాను, అది మాత్రల రంగేనని ఆశా అమ్మాయి చెప్పింది. ముందే ఒక ముక్క చెప్పి ఉంటే ఎంత బాగుండేది.

మొదటి వారాలు నేను చివరి గదిలో, కిటికీ తీసి. పిల్లలు బయట మామిడిచెట్టు కింద చాప మీద. మాట్లాడితే దగ్గొస్తుందని పలక మీద పెద్దక్షరాలతో రాసి కిటికీలోంచి చూపించేదాన్ని. ప్రార్థనలో చదవడం బాబుకి అప్పజెప్పాం. ‘నెబుకద్నెజరు’ అనే రాజు పేరు దగ్గర వాడు మూడుసార్లు తడబడితే, గోడకివతల నేను పెదాలు కదుపుతూ అందిస్తున్నాను, వాడికి వినపడదని తెలిసీ. పాప చార్టు మీద గళ్ళు గీసింది. పన్నెండు వరసలు, వరసకి పద్నాలుగు. ‘అమ్మా, పన్నెండు పద్నాలుగులు నూట అరవై ఎనిమిది, సరిపోయింది’ అని కిటికీ దగ్గర పట్టుకుని చూపించింది. మొదటి నాలుగు వరసలు నాలుగు మందులున్న మాత్రలు, ఆ తర్వాత మూడు మందులవి. నేను మింగానని చెప్తే ఒక గడికి రంగేసేది.

మా చర్చి సంఘంలో ఎవరికీ చెప్పలేదు. ‘స్కూలుకి పంపకుండా ఇంట్లో కూర్చోబెడితే ఇలాగే ఉంటుంది’ అనే బంధువులకి అసలే చెప్పలేదు.

ఆరో వరసకి వచ్చేసరికి దగ్గు లేదు, జ్వరం లేదు, బరువు 45కి వచ్చింది. ప్రార్థన మీటింగులో ఒకావిడ చేయి పట్టుకుని, ఆమెకి ఎలా తెలిసిందో మరి, ‘ప్రభువు ముట్టాడు కదమ్మా, ఇంకా మాత్రలేంటి, బాగయ్యానని విశ్వాసంతో సాక్ష్యం చెప్పెయ్’ అంది. ఆ మాట గుచ్చుకుంది. మింగుతున్నానంటే నమ్మనట్టేనా అని రాత్రంతా నిద్రపట్టలేదు. రెండు రోజులు మాత్రలు వేసుకోలేదు. పాపతో అబద్ధం చెప్పలేక, అడిగినప్పుడల్లా మాట మార్చాను. మూడోరోజు అది చార్టు తెచ్చి నా ఒళ్ళో పెట్టింది. ‘రెండు గళ్ళు ఖాళీగా ఉన్నాయమ్మా.’

ఆయనతో చెప్పాను. కోప్పడలేదు. ఆ రాత్రి బైబిల్లో రాజుల రెండో గ్రంథం ఇరవయ్యో అధ్యాయం బాబుతో చదివించారు. జబ్బుపడి చావుకి దగ్గరైన హిజ్కియా రాజు గోడవైపు తిరిగి ఏడ్చాడు, దేవుడు విన్నాడు, పదిహేనేళ్ళు ఆయుష్షిస్తానన్నాడు. ఇచ్చానన్నాక కూడా యెషయా ప్రవక్త అంజూరపు పండ్ల ముద్ద తెమ్మన్నాడు, పుండు మీద పెట్టారు, బాగుపడ్డాడు. చిన్నప్పటినుంచీ ఎన్నిసార్లు చదివానో, ఆ ముద్ద దగ్గర ఎప్పుడూ ఆగలేదు. పొద్దున్నే పీహెచ్‌సీకి ఫోన్ చేసి జరిగింది చెప్పాను. మధ్యలో మానేస్తే మందులకి లొంగని టీబీగా మారొచ్చని, ఈరోజే మళ్ళీ మొదలుపెట్టి, పోయిన రెండు రోజులూ చివర్లో కలుపుకోమని అన్నారు.

చివరి గడికి రంగు పడేసరికి మే నెల, కాలువకి నీళ్ళు ఆపేశారు, అడుగున బురద పగుళ్ళు తేలి ఉంది. కళ్లెలో క్రిమి లేదన్నారు. ఆ ఆదివారం సంఘంలో నిలబడి జబ్బు పేరు పైకే చెప్పాను, ఆ రెండు ఖాళీ గళ్ళ సంగతీ చెప్పాను, బాబు లెక్కగట్టిన 504 మాత్రలూ చెప్పాను. ఆరాధనయ్యాక చెప్పులేసుకుంటుంటే, వెనక వరసలో కూర్చునే ఒకమ్మాయి వచ్చి మెల్లిగా అడిగింది, ‘అక్కా, ఆ కళ్లె పరీక్ష ఎక్కడ చేస్తారు?’

సోమవారం ఇద్దరం ఆటోలో వెళ్ళాం.