అపా, మాఉసీ

పదకొండు దాటింది, నిద్ర రావట్లేదు. కారణం మునగాకు.

పొద్దున్న బాప్పా (మా మేనత్త) నేనూ బజారుకెళ్లాం. ఆకుకూరల బండి దగ్గర ఓ కొత్త పిల్ల. బాప్ప వైపు చూసి “అపా, సజనా శాగ!” అంది. తర్వాత నా వైపు తిరిగి, అంతే మర్యాదగా, “మాఉసీ, మీకు?” అంది. ఒడియా రానివాళ్ల కోసం: సజనా శాగ అంటే మునగాకు. అపా అంటే అక్క. మాఉసీ అంటే పిన్ని.

బాప్పకి అరవై ఎనిమిది. నాకు నలభై ఏడు.

బాప్ప ఇంటిదాకా నవ్వుతూనే ఉంది. ఈయనకి చెబితే పేపర్లోంచి తల ఎత్తకుండా “ఆ పిల్లకి కళ్లజోడు కావాలేమో” అన్నారు. ఇద్దరిలో ఎవరి విషయంలో కావాలో చెప్పలేదు. ఆ విసుగులో పప్పు పొయ్యి మీదే మర్చిపోయాను, అడుగంటింది. మాడు వాసన వస్తోందని అందరూ నాకే చెప్పారు, పొయ్యి దగ్గర నేను లేనట్టు!

మధ్యాహ్నం అలమార తీస్తే కొలాజెన్ పొడి డబ్బా కనబడింది. చిన్నది చెబితే కొన్నాను, 1,850 రూపాయలు. చర్మాన్ని బిగుతుగా పట్టి ఉంచేది కొలాజెనే, కాదనను. కానీ గ్లాసులో కలుపుకుని తాగింది సూటిగా బుగ్గల్లోకి పోయి కూర్చోదు కదా. కందిపప్పులో మాంసకృత్తుల్లాగే అదీ కడుపులో ముక్కలవుతుంది, ఆ ముక్కల్ని ఎక్కడ వాడుకోవాలో ఒంటి ఇష్టం. మళ్లీ కొలాజెన్ అల్లుకోవాలంటే సి విటమిన్ కావాలి. పూర్వం ఓడల మీద నెలల తరబడి పండూ కూరా లేకుండా తిరిగినవాళ్లకి చిగుళ్లు కారేవి, ఎప్పుడో మానిన గాయాలు కూడా తిరగబెట్టేవి. అల్లిక వదులైపోయి.

సి విటమిన్ అంటే నాకు జామకాయ. జామకాయ అంటే గుణుపురం చిన్న రైలు బండి.

మేం టెక్కలిలో ఉన్నప్పుడు దసరా సెలవులకి బాప్పే వచ్చి మమ్మల్ని తీసుకెళ్లేది. ఎక్కేముందు జామకాయలు కొనేది. బండి ఎంత నెమ్మదంటే కుర్రాళ్లు దిగి, పక్కన నడిచి, మళ్లీ ఎక్కేవారు. కొంగుముడి విప్పితే ఉప్పూకారం పొట్లం. కాయని పంటితోనే రెండు చేసి, పెద్ద ముక్క నాకిచ్చేది. తొక్క ఉమ్మితే ఊరుకునేది కాదు. గింజ పంట్లో ఇరుక్కుని నేను ఏడిస్తే, పాతపట్నంలో బండి ఆగిన ఆ కాస్తలో చీపురు పుల్ల విరిచి తెచ్చి, నా గడ్డం పట్టుకుని తీసింది. ఆ వేళ్లకి కారం ఉంది. పన్ను నొప్పి పోయి కళ్లు మండాయి. 2004లో ఆ బండి ఆపేశారు, ఇప్పుడున్నది పెద్ద లైను. దిగి నడవడం కుదరదు.

వంద గ్రాముల జామలో సి విటమిన్ 200 మిల్లీగ్రాముల పైమాటే, నారింజలో యాభై చిల్లర. ఆడవాళ్లకి రోజుకి 65 చాలని హైదరాబాదు పోషకాహార సంస్థ లెక్క. అంటే ఒక్క కాయ. బాప్ప మొహం అందుకే అలా ఉంది, నాది 1,850 రూపాయల పొడితో కూడా ఇలా ఉంది అని రాసి పడుకుందామనుకున్నాను.

కానీ పెద్ద ముక్క తిన్నది నేను కదా.

పంతొమ్మిదేళ్లు స్కూటీ మీద బడికి తిరిగాను, గొడుగు లేదు, స్కార్ఫు లేదు. ఎండలోని అతినీలలోహిత కిరణాలు ఆ కొలాజెన్‌నే తెగ్గొడతాయి. దానికి తోడు రోజుకి నాలుగు టీలు, రెండేసి చెంచాల పంచదార. ఒంట్లో చక్కెర ఎక్కువైతే అదీ కొలాజెన్‌కి అంటుకుని బిరుసెక్కిస్తుంది. జామకాయ పాపం ఎంతని లాక్కొస్తుంది?

అయినా రాత్రి బాప్పని అడిగాను, చిన్నప్పుడు రోజూ చోడంబలి (రాగి అంబలి) తాగేదానివి కదా, ఒంటికి మంచిదనేనా అని.

“మంచిదేటి, నీ మొకం! వరన్నం మగోళ్లకి, గుంటలకి పెట్టీగా మాకేటి మిగిలీది? అంబలే.”

మరి ఎండ?

“గడప దాటితే కదా ఎండ తగలడానికి. ఏడాదికోపాలి మిమ్మల్ని తేడానికి ఆ బండెక్కినప్పుడే.”

చెప్పేసి అటు తిరిగి పడుకుంది. ఇప్పుడు గురక పెడుతోంది. వీధి దీపం వెలుగు బుగ్గ మీద పడుతోంది, నిజంగానే నున్నగా ఉంది. నాకు మళ్లీ కొంచెం కోపం వచ్చింది. ఎవరి మీదో తెలీదు.

డబ్బాలో ఇంకా సగం ఉంది. పారెయ్యడానికి మనసొప్పలేదు. రేపు జామకాయలు కొనాలి. వేరే బండి దగ్గర.