మొవ్వు విరిగిన చెట్టు

1996 నవంబర్ 6 రాత్రి, దీపావళికి నాలుగు రోజుల ముందు. అమలాపురం దగ్గర మా ఊళ్లో తుఫానుకి ఇంటి పెంకులు ఎగిరిపోతుంటే, మామ్మ మమ్మల్ని పందిరి మంచం కిందకి తోసి, గోడవార కూర్చుని "నరసింహా, నరసింహా" అంటూనే ఉంది. నాకు పదకొండేళ్లు. ఈ హోరులో అంతర్వేది గుళ్లో ఉన్న నరసింహస్వామి దాకా ఏం వినపడుతుందిలే అనుకున్నాను.

తెల్లారి చూస్తే దొడ్లో నలభై కొబ్బరి చెట్లకి మూడే మిగిలాయి. కొన్ని వేళ్లతో సహా పడిపోయాయి. కొన్ని నిలబడే ఉన్నాయి గానీ మొవ్వు, అంటే నడినెత్తిన ఉండే చిగురు, విరిగింది. మొవ్వు పోతే కొబ్బరి బతకదు, పక్క కొమ్మ వేయడం దానికి తెలీదు. భైరవపాలెం వైపు సముద్రంలో చేపల వేటకెళ్లినవాళ్లు చాలామంది తిరిగి రాలేదని తర్వాత తెలిసింది.

"వాళ్లూ మొక్కుకునే వెళ్లుంటారు కదా మామ్మా?" అన్నాను. కొడుతుందేమో అనుకున్నా. "అదే నాకూ అర్థం కావట్లేదురా" అంది. పాపాలు పెరిగిపోయి ఇలా అయ్యిందని ఎవరో పెద్దాయన అంటే మాత్రం ఊరుకోలేదు. "ఎవరి పాపమండీ? చంటిపిల్లలదా?" అని మొహమ్మీదే అడిగేసింది.

దీపావళి రోజు కొబ్బరి చిప్పలో నూనె పోసి, పడిపోయిన చెట్టు మొదలు మీద దీపం పెట్టింది. దేవుడి గూట్లో పెట్టలేదు.

మర్నాడు మళ్లీ గూట్లోనే పెట్టింది.