మెసేజ్‌లు నాలుగు, జవాబులు రెండే

మొదటిరోజు అంతా సవ్యంగానే ఉంది. ఫ్యాక్టరీ యంత్రాలను నడిపే చిన్న కంప్యూటర్ పీఎల్‌సీకి, అలాంటి పరికరాలతో నెట్‌వర్క్ మీద మాట్లాడే పద్ధతి అయిన మోడ్‌బస్ టీసీపీలో, పోర్ట్ 502 మీద, ఒక మెసేజ్ పంపాను. పంపింది 12 బైట్లు, జవాబు 11 బైట్లు. ఉష్ణోగ్రత వచ్చేసింది. ఇంకేముంది, పని అయిపోయిందనుకున్నాను.

నాకు కావలసినవి మాత్రం నాలుగు: ఉష్ణోగ్రత, ప్రెషర్, మోటార్ స్పీడ్, కరెంట్. రిజిస్టర్లు, అంటే పీఎల్‌సీలో ఈ విలువలుండే అరలు, పక్కపక్కనే ఉంటే ఒకే మెసేజ్‌లో 125 దాకా అడగొచ్చు. ఇవేమో ఎక్కడెక్కడో ఉన్నాయి. లూప్ పెట్టి నాలుగు మెసేజ్‌లూ వరసగా తోసేశాను. రెండింటికే జవాబొచ్చింది.

కేబుల్ మార్చి చూశాను. ఒక్కో మెసేజ్‌కి ఒక్కో కనెక్షన్ తెరిచి చూశాను. కాసేపు నడిచాక పీఎల్‌సీ అసలు కనెక్షనే ఇవ్వనంది. ఇలాంటివి ఒకేసారి కొన్ని కనెక్షన్లనే భరిస్తాయి, నేనేమో తెరిచినవి సరిగ్గా మూయలేదు.

చివరికి నెట్‌వర్క్‌లో వెళ్లే ప్యాకెట్లను చూపించే వైర్‌షార్క్ తెరిచాను. ఆ పని ముందే చేసుంటే రెండు రోజులు మిగిలేవి. మొదటి ప్యాకెట్‌లో 12 బైట్లు, రెండోదాంట్లో 36. మూడు మెసేజ్‌లు ఒకదానికొకటి అతుక్కుని వెళ్లాయన్నమాట! ముందు పంపింది అందినట్టు అవతలి నుంచి కబురు వచ్చేలోపు, చిన్న ముక్కల్ని పోగేసి ఒకేసారి పంపడం, ఈ మెసేజ్‌లను మోసే టీసీపీకి అలవాటు. 1984 నాటి నేగల్ పద్ధతి ఇది. టీసీపీకి తెలిసింది బైట్ల వరసే, మన మెసేజ్ ఎక్కడ ముగిసిందో దానికి పట్టదు. నా పీఎల్‌సీ ఆ 36లో మొదటి 12 చదివి మిగతావి పారేసింది.

మెసేజ్‌కీ మెసేజ్‌కీ మధ్యలో 200 మిల్లీసెకన్లు ఆగేలా స్లీప్ పెట్టాను. బాగానే ఉందనుకుంటుండగా ఒక సాయంత్రం ప్రెషర్ గడిలో ఉష్ణోగ్రత కనబడింది. టెన్షన్ మొదలైంది. తీరా చూస్తే, ఒక జవాబు నా టైమౌట్ (జవాబు కోసం ఆగే గడువు) దాటాక తీరిగ్గా వచ్చింది. దాన్నే తర్వాతి ప్రశ్నకు జవాబుగా తీసుకున్నాను. రెండూ 11 బైట్లే, ఏ పని అడిగామో చెప్పే ఫంక్షన్ కోడూ రెండింట్లో 03. ఏది దేనిదో చెప్పేది మొదటి రెండు బైట్లలో ఉండే ట్రాన్సాక్షన్ నంబర్. నేను నాలుగింట్లోనూ 00 01 అనే పెట్టాను, మాన్యువల్‌లోని ఉదాహరణను అలాగే దింపేసి.

ఇప్పుడు ఒక్కో మెసేజ్‌కి నంబర్ పెంచుతాను. ఒకటి పంపి, దాని జవాబు పూర్తిగా చదివి, నంబర్ కలిస్తేనే రెండోది. 11 బైట్లు కూడా రెండు విడతలుగా రావచ్చు కాబట్టి ముందు, మెసేజ్ మొదట్లో ఉండే 7 బైట్ల హెడర్ చదివి, అందులో ఉన్న పొడవును బట్టి మిగతావి చదువుతాను. ఇక్కడా ఒక దెబ్బ తిన్నాను. ఆ పొడవులో, ఏ పరికరమో చెప్పే యూనిట్ నంబర్ బైట్ కూడా కలిసి ఉంటుంది. అది ఆ 7లోనే వచ్చేసింది గనక ఒకటి తగ్గించాలి. నేను తగ్గించలేదు. రాని బైట్ కోసం ప్రోగ్రామ్ ఎదురుచూస్తూ కూర్చుంది.

టైమౌట్ అయితే ఆ కనెక్షన్ మూసి కొత్తది తెరుస్తున్నాను, పాత జవాబు వచ్చి కలవకుండా. స్లీప్ లైన్ తీసేశాను.