ఇరవై ఒక్క రోజుల సూది

పదకొండేళ్ల వయసులో నాకు కీళ్లవాతం వచ్చిందని మా ఊళ్లో అందరూ అనుకున్నారు. ముసలివాళ్లకు రావాల్సిన జబ్బు ఈ పిల్లకెందుకొచ్చిందా అని ఆశ్చర్యపోయారే తప్ప ఎవరికీ వేరే అనుమానం రాలేదు. మాది ప్రకాశం జిల్లాలో పొగాకు పండే మెట్ట ప్రాంతం. అమ్మా నాన్నా ఇద్దరూ పనికి పోతే తప్ప గడవని ఇల్లు.

ముందు గొంతు నొప్పి, జ్వరం వచ్చాయి. ఆర్‌ఎంపీ రెండు రోజులకు బిళ్లలు కట్టిచ్చాడు, తగ్గింది. రెండు మూడు వారాలు పోయాక కుడి మోకాలు వాచింది. ఎర్రగా, చెయ్యి పెడితే చురుక్కుమనేంత వేడిగా ఉండేది. దుప్పటి అంచు తగిలినా కేక పెట్టేదాన్ని. రెండు రోజులకు ఆ మోకాలు మామూలైపోయి, నొప్పి ఎడమ చీలమండకు దిగింది. అక్కణ్నుంచి మణికట్టుకు, మళ్లీ ఇంకో మోకాలికి. ఇది గాలి చేష్టేనని తేల్చి మా నాయనమ్మ తాయెత్తు కట్టించింది. ఆర్‌ఎంపీ నొప్పుల సూది వేశాడు. కొన్నాళ్లకు వాపు ఆనవాలు కూడా లేకుండా అన్నీ తగ్గిపోయాయి. తాయెత్తుకూ సూదికీ చెరిసగం పేరొచ్చింది.

ఈ జబ్బు మోసమంతా అక్కడే ఉంది. దీన్ని రుమాటిక్ ఫీవర్ అంటారు. గొంతులో చేరిన స్ట్రెప్టోకాకస్ అనే బ్యాక్టీరియాను చంపడానికి శరీరం తయారుచేసుకున్న యాంటీబాడీలు, పోలిక చూసి పొరబడి సొంత కీళ్ల మీదికీ, గుండె కవాటాల మీదికీ పోతాయి. కీళ్లు పూర్తిగా బాగవుతాయి. కవాటాలు మాత్రం మచ్చపడతాయి. ఎక్కువగా అయిదు నుంచి పదిహేనేళ్ల లోపు పిల్లలకు, అందులోనూ ఒకే గదిలో నలుగురైదుగురు పడుకునే ఇళ్లలోని పిల్లలకు వస్తుంది. మా ఇంట్లో ఆరుగురం.

నా సంగతి బయటపడింది బళ్లో. 2010 నవంబరులో, అప్పటి ఉమ్మడి రాష్ట్రంలో జవహర్ బాల ఆరోగ్య రక్ష అని ప్రభుత్వ బడి పిల్లలకు ఆరోగ్య పరీక్షలు మొదలుపెట్టారు. మా హైస్కూలు వరండాలో బరువు మిషన్ పెట్టి, గోడకు కంటి చార్టు తగిలించి, వరసగా నిలబెట్టారు. చాలామందికి పన్ను పుచ్చిందనో, రక్తం తక్కువుందనో రాసి పంపేశారు. నా దగ్గరికొచ్చేసరికి ఆ డాక్టరమ్మ స్టెతస్కోపు తీయలేదు. "కాసేపు గోల ఆపండర్రా" అని పిల్లల్ని కసిరి, నన్ను బల్ల మీద ఎడమ పక్కకు తిప్పి పడుకోబెట్టి మళ్లీ విన్నది. "ఎప్పుడైనా మోకాళ్లు వాచాయా తల్లీ?" అని అడిగింది. వాచాయన్నాను. కార్డు మీద ఏదో రాసి, మీ నాన్నను ఒకసారి రమ్మను అంది. అంత చిన్న ప్రశ్న మా ఊళ్లో ఇంకెవరూ అడగలేదు.

ఒంగోలులో ఎకో, అంటే గుండె స్కాన్, తీశారు. గుండె ఎడమవైపు గదుల మధ్య ఉండే మైట్రల్ కవాటం కొద్దిగా దెబ్బతిన్నది, ఆపరేషనేమీ అక్కర్లేదు, ఇరవై ఒక్క రోజులకొకసారి పెన్సిలిన్ సూది వేయించండి, మానొద్దు అన్నారు. ఎన్నాళ్లని నాన్న అడిగాడు. "పెద్దయ్యేదాకా" అన్నారు. నెలా రెణ్నెల్ల మాట వింటానని వెళ్లిన మనిషి బస్టాండు దాకా నోరెత్తలేదు.

ఆ సూది గురించి కాస్త చెప్పాలి. బెంజాథీన్ పెన్సిలిన్. సీసాలో తెల్లటి పొడి ఉంటుంది. డిస్టిల్డ్ వాటర్ ఎక్కించి కుదిపితే సున్నం తేటలా కాదు, అడుగు సున్నంలా చిక్కగా అవుతుంది. సన్న సూదిలో దిగదు, అందుకే లావు సూది. ఆలస్యం చేస్తే దాన్లోనూ అడ్డం పడుతుంది, అప్పుడు తీసి రెండోసారి గుచ్చాలి. మా ఏఎన్‌ఎం అక్క సీసాను రెండు అరచేతుల మధ్యా పెట్టి దొర్లించి వెచ్చబెట్టేది. ముందు ముంజేతి మీద టెస్ట్ డోసు. చర్మం కింద చిన్న బుడగ లేపి, చుట్టూ పెన్నుతో గీత గీసి, అరగంట కూర్చోబెట్టేది. దద్దురు లేకపోతే తుంటికి వేసేది. ఆ రోజంతా ఆ కాలు ఈడ్చుకుంటూ నడవాల్సిందే. ఈ సూది పాడైన కవాటాన్ని బాగుచేయదు. గొంతులో మళ్లీ ఇన్ఫెక్షన్ రాకుండా చూస్తుంది, అంతే. వచ్చిన ప్రతిసారీ కవాటం మీద పాత దెబ్బే మళ్లీ తగులుతుంది కాబట్టి ఆ "అంతే"లోనే అంతా ఉంది.

ఖరీదు కొన్ని పదుల రూపాయలు. దొరకడమే కష్టం. లాభం లేని మందని కంపెనీలు తయారీ తగ్గించుకున్నాయి. పీహెచ్‌సీలో ఒక్కోసారి నెలల తరబడి స్టాక్ ఉండేది కాదు. బయట మెడికల్ షాపులో దొరికినా వేసేవాళ్లుండరు. పెన్సిలిన్ వికటిస్తే ప్రాణం మీదికొస్తుందని ప్రైవేటు క్లినిక్కులవాళ్లు దండం పెట్టేస్తారు. అలా వికటించడం చాలా అరుదు, కానీ భయానికి లెక్కలు పట్టవు. మందు సంచిలో పెట్టుకుని అమ్మా నేనూ కందుకూరులో క్లినిక్కు క్లినిక్కుకూ తిరిగి, వేయించకుండానే ఇంటికొచ్చిన రోజులున్నాయి.

పదో తరగతయ్యాక ఇంకో తలనొప్పి మొదలైంది. ఆడపిల్లకు గుండెజబ్బని తెలిస్తే సంబంధాలు రావు. "సిస్టరమ్మా, ఎవరన్నా అడిగితే రక్తానికి సూదని చెప్పు" అని అమ్మ బతిమాలేది. చీకటి పడ్డాక సబ్‌సెంటర్ వెనక తలుపు నుంచి వెళ్లేవాళ్లం. అమ్మను తప్పుపట్టను. ఊరు ఎలాంటిదో ఆమెకు తెలుసు.

అలా దొరికినప్పుడు వేయించుకుంటూ, దొరకనప్పుడు మానేస్తూ డిగ్రీకొచ్చాను. ఒంగోలు హాస్టల్లో మూడో అంతస్తు. ఒక మెట్ల వరస ఎక్కి రెయిలింగ్ పట్టుకుని నిలబడేదాన్ని. రాత్రి వెల్లకిలా పడుకుంటే దగ్గు, లేచి కూర్చుంటే హాయి. రూమ్మేటు దిండు కూడా లాక్కుని రెండేసుకుని పడుకునేదాన్ని. ఈసారి ఎకోలో, నాలుగు నుంచి ఆరు చదరపు సెంటీమీటర్లు తెరుచుకోవాల్సిన కవాటం ఒకటికి దగ్గరగా వచ్చేసింది. బెలూన్ వేయాలన్నారు.

ఇక్కణ్నుంచి అన్నీ చకచకా జరిగిపోయాయి. గుంటూరులో నెట్‌వర్క్ ఆసుపత్రి, ముందువైపే ఆరోగ్యమిత్ర డెస్కు, మా తెల్ల కార్డు, ఆన్‌లైన్‌లో అనుమతి. 2007లో రాజీవ్ ఆరోగ్యశ్రీగా మొదలైన పథకానికి అప్పటికి ఎన్టీఆర్ వైద్య సేవ అని పేరు. ప్రభుత్వం మారితే బోర్డు మారుతుంది, అమ్మకు మాత్రం ఎప్పుడూ ఆరోగ్యశ్రీయే. ముందురోజు గొంతులోకి గొట్టం దింపి గుండెలో రక్తం గడ్డలేమైనా ఉన్నాయా అని చూశారు. మొత్తం మీద నాకు ఏడుపొచ్చింది దానికే. అసలు బెలూన్ అంత కష్టమనిపించలేదు. తొడ దగ్గర మత్తు సూది ఇచ్చి, సిరలోంచి తీగ పంపి, గుండె గదుల మధ్య గోడ దాటించి, అతుక్కున్న కవాటం దగ్గర బెలూన్ ఉబ్బించారు. మెలకువగానే ఉన్నాను. ఒక్క క్షణం కళ్లు తిరిగినట్టయింది. "అయిపోయిందమ్మా" అన్నారు. ఆ రాత్రి ఒకే దిండు మీద నిద్రపోయాను. డిశ్చార్జినాడు బస్సు ఛార్జీలు కూడా చేతిలో పెట్టారు. నాన్న ఆ నోట్లు రెండుసార్లు లెక్కపెట్టాడు.

ఆ పథకం లేకపోతే నేను లేను. పొలం లేదు అమ్మడానికి. అయినా ఒక మాట అనకుండా ఉండలేను. కవాటం మూసుకుపోయాక లక్ష దాకా పెట్టడానికి కార్డుంది, ప్యాకేజీ కోడుంది, అనుమతి ఇచ్చే ఆఫీసుంది. మూసుకుపోకుండా ఆపే సూదికి మాత్రం పీహెచ్‌సీలో ఎవరో గుర్తుపెట్టుకుని మందు కావాలని ఇండెంట్ పెట్టాలి. ఆసుపత్రిలో పడుకుంటేనే లెక్కలోకొచ్చే ఆరోగ్య బీమా పిల్లలకు సగమే పనికొస్తుంది. వాళ్లకు కావాల్సింది చాలావరకు పడుకోకుండా చూసే వైద్యం.

ఇప్పుడు మెట్లు ఎక్కుతాను, కూరగాయల సంచితో సహా. పెళ్లయింది. మా ఆయనకు మొదటిరోజే చెప్పాను, అమ్మ వద్దన్నా సరే. బాబు కడుపులో ఉన్నప్పుడూ పెన్సిలిన్ మానలేదు, గర్భిణులకూ అది వేయొచ్చు. ఏడాదికోసారి ఎకో. నలభై ఏళ్లు దాటేదాకా సూది తప్పదన్నారు.

ఒక చిన్న ప్రైవేటు బళ్లో మూడో తరగతికి చెబుతున్నాను. ఆటో నడిపేవాళ్లు, మేస్త్రీ పనివాళ్లు ఇంగ్లీషు మీడియమని అప్పుచేసి పిల్లల్ని పంపే బడి. 2013 నుంచి దేశమంతా నడుస్తున్న రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం వాళ్లు అంగన్‌వాడీలకు ఏడాదికి రెండుసార్లు, ప్రభుత్వ బళ్లకు ఒకసారి వచ్చి పిల్లల్ని చూడాలి. చూడాల్సిన జబ్బుల్లో రుమాటిక్ గుండెజబ్బు కూడా ఉంది. కానీ ఆ బండి ప్రైవేటు బడి గేటు దగ్గర ఆగదు. ఫీజు కట్టగలిగితే డాక్టరు ఫీజూ కట్టగలరని ఎవరు లెక్కేశారో మరి. పీటీఎంకు వచ్చిన తల్లులకు నేనే చెబుతుంటాను: జలుబు, దగ్గు లేకుండా ఒట్టి గొంతు నొప్పి, జ్వరం వస్తే పీహెచ్‌సీలో చూపించండి, డాక్టరు పది రోజులకు యాంటీబయాటిక్ రాస్తే జ్వరం తగ్గిందని మూడోరోజు ఆపకండి, కీలు వాచి, ఆ వాపు ఇంకో కీలుకు పోతే అదే రోజు డాక్టరుతో గుండె వినిపించండి. మా హెడ్‌మాస్టరు గారు ఇదంతా సిలబస్‌లో లేదమ్మా అన్నారు. మా పిల్లల్నీ ఒకసారి వచ్చి చూడమని పీహెచ్‌సీ డాక్టరుకు బడి తరఫున అర్జీ రాసి ఆయన టేబుల్ మీద పెట్టాను, సంతకం కోసం.